వద్దన్న చేతికి ఆయుధము



ప్రాణరక్షణ కొరకు తుపాకి వెంట ఉంచుకొమ్మని భర్త తన భార్యను ప్రోత్సహించవచ్చునా? ఆమె ఇష్టపడనప్పుడు ఎంతవరకు చెప్పవచ్చును, ఎక్కడ ఆగిపోవలెను? ఈ ప్రశ్న మన పత్రికలో కనబడడం కొందరికి వింతగా తోచవచ్చు. హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో, యానాంలోనో కాపురముంటున్న మనకు తుపాకి అంటే బ్యాంకు గుమ్మం దగ్గర కాపలావాని భుజాన వేలాడే వస్తువే. కాని మన తాతలు పని వెదకుకొంటూ పొరుగు రాష్ట్రాలకు వచ్చినట్లే, మన బిడ్డలు సముద్రాలు దాటి అమెరికా వెళ్లారు. అక్కడి కాపురాలలోని మాటలు ఫోనులో మన ఇళ్లకు వస్తున్నాయి. "అల్లుడు పిస్తోలు కొన్నాడట. అమ్మాయిని కూడా నేర్చుకొని బ్యాగులో పెట్టుకొమ్మంటున్నాడట. అది వద్దంటోంది. రోజూ ఇదే వాదన. మేమేం చెప్పాలండీ?" అని అడిగిన తల్లిదండ్రులు ఒక్కరు కాదు. వారికి చెప్పిన మాటలనే కొంత విడమరచి ఇక్కడ వ్రాస్తున్నాము.

ముందుగా భర్త పక్షాన చెప్పవలసినది న్యాయంగా చెప్పుకొందాము. అతని భయం వట్టి ఊహ కాదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాసు రాష్ట్రంలోని ఒలేతా పట్టణంలో, పని ముగించుకొని స్నేహితునితో కూర్చున్న ఒక తెలుగు ఇంజనీరును పరదేశి అన్న ద్వేషంతో ఒకడు కాల్చి చంపాడు. స్నేహితుడు గాయపడ్డాడు. చేతిలో ఏ ఆయుధమూ లేకుండానే హంతకుణ్ణి పట్టుకోబోయిన ఒక అమెరికా యువకుడు కూడా గాయపడ్డాడు. 2023 మే 6న టెక్సాసులోని ఆలెన్ పట్టణంలో, బజారుకు వచ్చిన జనం మీద ఒకడు కాల్పులు జరిపి 8 మందిని చంపాడు. వారిలో హైదరాబాదు నుండి వెళ్లిన ఒక తెలుగు ఇంజనీరు, ఆడబిడ్డ, ఉన్నది. ఆ దుండగుణ్ణి ఆపినది వేరే పనిమీద అక్కడ ఉన్న ఒక పోలీసు అధికారి తుపాకియే. ఈ వార్తలు విన్న భర్త, రాత్రి పొద్దుపోయి దుకాణం మూసి ఒంటరిగా కారు దగ్గరకు నడిచే భార్యను తలచుకొని కలవరపడితే అతణ్ణి తప్పుపట్టగలమా? శరీరబలంలో తనకంటె రెండింతలున్న దుర్మార్గుని యెదుట ఆమెకు తుపాకి ఒక్కటే సమానబలం ఇస్తుందని అతడు అంటే, ఆ మాటలో నిజం లేదనలేము.

ఆ దేశపు చట్టం కూడా అతనికి దారి తెరిచియే ఉంచింది. ఆయుధం కలిగియుండే హక్కు 1791 నుండి వారి రాజ్యాంగంలో ఉన్నది. ఆత్మరక్షణ కొరకు ఇంట్లో చేతి తుపాకి ఉంచుకోవడం వ్యక్తి హక్కేనని 2008లోను, ఇంటి బయట వెంట తీసికొనిపోవడం కూడా హక్కేనని 2022లోను వారి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. టెక్సాసులో 2021 సెప్టెంబరు 1 నుండి, చట్టం నిషేధించని వారు 21 ఏండ్లు నిండితే లైసెన్సు లేకుండానే చేతి తుపాకి వెంట ఉంచుకోవచ్చును.

మన గ్రంథము కూడా ఆత్మరక్షణను ఒక్క మాటతో కొట్టివేయలేదు. రాత్రివేళ ఇంటికి కన్నం వేస్తూ పట్టుబడ్డ దొంగ దెబ్బతిని చనిపోతే కొట్టినవాని మీద రక్తదోషం లేదని, ప్రొద్దు పొడిచిన తరువాత అదే జరిగితే దోషం ఉన్నదని నిర్గమకాండము 22వ అధ్యాయం భేదం చూపుతుంది. చీకటిలో వచ్చినవాడు దేనికి వచ్చాడో ఇంటివానికి తెలియదు, వెలుగులో తెలుస్తుంది. నెహెమ్యా కాలంలో గోడ కట్టినవారు ఆయుధాలు దగ్గర ఉంచుకొనే పని చేశారు. గెత్సేమనేలో మాత్రం పేతురు కత్తి దూసినప్పుడు ప్రభువు దానిని ఒరలో పెట్టించాడు. గనుక ఆయుధం పట్టిన ప్రతివాడు పాపి అని గాని, పట్టనివాడు పిరికివాడు అని గాని అనడానికి మనకు అధికారం లేదు. ఇంతవరకు భర్త నిలబడిన నేల గట్టిదే.

ఇక భార్య పక్షం. ఆమె "వద్దు" అంటున్నది. ఉపాధ్యాయ శిక్షణలో మేము నేర్చుకొన్న మొదటి పాఠాలలో ఒకటి ఏమనగా, పిల్లవాడు లెక్క చేయనంటే కొట్టకముందు, బుజ్జగించకముందు, ఎందుకు చేయనంటున్నాడో తెలిసికోవలెను. రాక చేయనివాడు వేరు. ఆకలితో చేయనివాడు వేరు. ఇంట్లో తిన్న దెబ్బల బెదురుతో పలక తీయనివాడు వేరు. ముగ్గురూ "చేయను" అనే అంటారు. భార్య చెప్పే "వద్దు" కూడా అటువంటిదే. అందులో నాలుగు రకాలు మాకు కనబడుతున్నవి.

మొదటిది, తెలియక చెప్పే వద్దు. ఆ వస్తువును ఆమె ఎన్నడూ ముట్టుకోలేదు. శబ్దం వింటేనే గుండె దడ. ఇటువంటి భయానికి మందు నేర్పుట. ఒక మంచి శిక్షకుని దగ్గరకు, సాధ్యమైతే స్త్రీ శిక్షకురాలి దగ్గరకు, ఒకసారి వెళ్లి చూడమని భర్త అడగడంలో తప్పు లేదు. మన ఆడపిల్లలు కారు నడపడం కూడా ఇలాగే భయపడుతూనే నేర్చుకొన్నారు గదా.

రెండవది, పిల్లల కొరకు చెప్పే వద్దు. దీనిని "ఆడవాళ్ల భయం" అని తీసివేసేవారు ఒక సంగతి వినవలెను. 2014 డిసెంబరు 30న ఐడాహో రాష్ట్రంలోని హేడెన్ పట్టణంలో 29 ఏండ్ల తల్లి ఒకామె పిల్లలతో దుకాణానికి వెళ్లింది. తుపాకి కొరకు ప్రత్యేకమైన జిప్పు అర కుట్టిన ఆమె చేతిసంచి ఆ క్రిస్మసుకు భర్త ఇచ్చిన కానుక. బండిలో కూర్చున్న రెండేండ్ల కుమారుడు సంచిలో చెయ్యి పెట్టి తుపాకి తీశాడు. అది పేలింది. తల్లి అక్కడికక్కడే చనిపోయింది. ఆమె తుపాకి తెలియని మనిషి కాదు; లైసెన్సు కలది, చిన్ననాటినుండి తుపాకులతో అలవాటున్నది, ఒక పరిశోధనాలయంలో శాస్త్రజ్ఞురాలు. తెలిసినవారి ఇంట్లోనే ఇట్లు జరిగినప్పుడు, ఇష్టం లేక, అభ్యాసం చేయక, భర్త పోరు పడలేక సంచిలో పెట్టుకొనే స్త్రీ సంగతి ఏమి? ఇష్టం లేని వస్తువును మనిషి జాగ్రత్తగా చూడదు. దానిని తలచుకోవడమే మానివేస్తుంది. తుపాకి విషయంలో ఆ మరపే ప్రమాదం.

మూడవది, మనస్సాక్షి చెప్పే వద్దు. "ఎదుట ఉన్నవాడు ఎంత దుర్మార్గుడైనా నేను మనిషిని కాల్చలేను" అని ఆమె అంటుంది. అసలు చిక్కు ఇక్కడే. కారులో బెల్టు పెట్టుకొమ్మని, రాత్రి తలుపు గడియ వేసికొమ్మని, ఈత నేర్చుకొమ్మని ఎంతైనా పోరు పెట్టవచ్చును. వాటివలన కాపాడబడేది ఆమె ప్రాణం. పోయేది ఎవరి ప్రాణమూ కాదు. తుపాకి అటువంటిది కాదు. దానిని వెంట ఉంచుకొన్నవారు, అవసరమైతే ఒకరి ప్రాణం తీయడానికి ముందుగానే తమలో తాము ఒప్పుకొన్నవారై ఉండవలెను. కాల్చడానికి సిద్ధపడనివారు తుపాకి బయటికి తీయకూడదని శిక్షకులే చెప్పుతారు. తీసి వెనుకాడితే ఆ తుపాకి శత్రువు చేతికి పోవచ్చును. గనుక మనస్సు లేని చేతిలో తుపాకి రక్షణ కూడా కాదు.

ఒకరి ఒప్పుదల మీద మరొకరు ఈ సిద్ధపాటు పొందగలరా? మన సంఘాలలో తండ్రి విశ్వాసం మీద కుమారునికి, భర్త ఒప్పుకోలు మీద భార్యకు బాప్తిస్మము ఇవ్వము. ఎవరి నోటితో వారు ఒప్పుకోవలెనని మన పెద్దలు పట్టుబట్టి నిలిచారు. నీటిలో దిగడానికే స్వంత ఒప్పుదల కావలసివస్తే, ఒక మనిషి రక్తానికి జవాబుదారి కావడానికి భర్త ఒప్పుదల చాలునా? భోజనం విషయంలో సంశయించే సహోదరుని బలవంతపెట్టవద్దని పౌలు రోమా సంఘానికి వ్రాశాడు. పళ్లెంలోని పదార్థం విషయంలోనే అంత జాగ్రత్త కావలసివస్తే ప్రాణం తీసే విషయంలో ఎంత కావలెను! ఆ రాత్రి ఆమె నిజంగా కాల్చి, ఎదుటివాడు చనిపోయినాడనుకొందాము. చట్టం ఆమెను విడిచిపెట్టవచ్చును. పొరుగువారు మెచ్చుకోవచ్చును. అయినా తెల్లవారుజామున మెలకువ వచ్చి కూర్చునేది ఆమె. "నేను చెప్పాను గనుక నీవు చేశావు" అని భర్త ఆ భారాన్ని తన భుజానికి ఎత్తుకోలేడు. మోయలేనిదానిని మోయించే హక్కు అతనికి లేదు.

నాలుగవది, బయటికి చెప్పలేని వద్దు. తల్లిదండ్రులు ఈ మాట శ్రద్ధగా వినవలెనని కోరుతున్నాము. కొందరు స్త్రీలకు భయం వీధిలోని దొంగను గూర్చి కాదు, ఇంట్లోని కోపాన్ని గూర్చి. కాలిఫోర్నియాలో 2004 నుండి 2016 వరకు 1 కోటి 76 లక్షల మంది పెద్దవారి వివరాలు పరిశీలించిన స్టాన్‌ఫర్డ్ పరిశోధకుల అధ్యయనం 2022లో వెలువడింది. తమకు స్వంత తుపాకి లేకపోయినా చేతి తుపాకి కలవారితో ఒకే ఇంట్లో ఉన్నవారు, అట్టి ఇంట్లో లేనివారికంటె రెండింతలకు పైగా హత్యకు గురైనారని అందులో తేలింది. జీవిత భాగస్వామి తుపాకికి బలియగుట 7 రెట్లు ఎక్కువ. అలా బలియైనవారిలో 84 శాతం స్త్రీలు. దొంగను గూర్చి కొన్న ఆయుధం దొంగ వచ్చేవరకు ఊరకే ఉండదు; ఇంట్లోని ప్రతి కోపాన్ని, ప్రతి దుఃఖాన్ని చూస్తూ ఉంటుంది.

దుఃఖమని ఎందుకన్నామంటే, అమెరికాలో 2021లో తుపాకి వలన చనిపోయిన 48,830 మందిలో 26,328 మంది ఆత్మహత్య చేసికొన్నవారే. హత్యకు గురైనవారు 20,958. స్వంతంగా చేతి తుపాకి కలిగిన స్త్రీలు తుపాకితో ఆత్మహత్య చేసికొనడం, లేనివారికంటె 35 రెట్లు ఎక్కువని కాలిఫోర్నియాలోనే జరిగిన మరొక పరిశీలన 2020లో తెలిపింది. మన ఊరు, మన భాష విడిచి, పలకరించేవారు లేని ఇంట్లో రోజంతా ఒంటరిగా గడిపే ఆడబిడ్డ "అది ఇంట్లో వద్దండీ" అంటే, తన మనస్సు బలహీనపడిన ఘడియలు ఆమెకే తెలిసి ఉండవచ్చును. ఆ వద్దును తోసివేయడం ఎంత ప్రమాదమో గ్రహించండి.

లెక్కలలో రెండవ వైపు కూడా చెప్పకపోతే అన్యాయమౌతుంది. తుపాకి చూపి ఆపద తప్పించుకొన్నవారు అక్కడ ఉన్నారు. ఎంతమంది అన్నదానిపై పండితులకు పొత్తు కుదరలేదు. ఏటా 25 లక్షల సార్లు అట్లు జరుగుతున్నదని 1995లో ఇద్దరు పరిశోధకులు అంచనా వేశారు. ప్రభుత్వం జరిపే నేరబాధితుల సర్వే ప్రకారం అది ఏటా లక్షకు లోపే. ఇంత దూరంగా ఉన్న రెండు లెక్కలలో దేనిని పట్టుకొని అయినా భార్యను ఓడించవచ్చును. కాని లెక్కలు ఒక దేశాన్ని గూర్చి చెప్పుతవి. ఈ ఇల్లాలి మనస్సును గూర్చి చెప్పగలిగినది ఆమె ఒక్కతే.

వాదనకు ముందు చట్టం కూడా చూడవలెను. హెచ్-1బి, హెచ్-4, విద్యార్థి వీసా వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకి కలిగియుండరాదని అమెరికా కేంద్ర చట్టం చెప్పుతున్నది. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నవి. గ్రీన్ కార్డు వచ్చినవారి సంగతి వేరు. మినహాయింపు లేని భార్య సంచిలో భర్త తుపాకి పెట్టితే ఆమెను రక్షించినట్లు కాదు, నేరంలోకి నెట్టినట్లు. దేశం విడిచిపొమ్మనే ప్రమాదం కూడా ఉన్నది. ఆ వేట లైసెన్సు ఉన్నచోట కూడా అపాయం తప్పదు. 2024 నవంబరులో జార్జియా రాష్ట్రంలో ఒక తెలుగు విద్యార్థి తన పుట్టినరోజునే, వేట తుపాకి శుభ్రం చేస్తూ ఉండగా అది పేలి చనిపోయినాడు.

మన దేశంలో అయితే 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకోరాదు. అయినా ఈ ఆలోచన ఇక్కడ కూడా లేకపోలేదు. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరం తరువాత, 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారం స్త్రీల కొరకని 500 గ్రాముల బరువు గల 'నిర్భీక్' అనే రివాల్వరు తయారుచేసింది. అప్పట్లో దాని వెల రూ.1,22,000కు పైమాటే. ఎంతమంది ఇల్లాండ్రకు అంత వెల పెట్టగల శక్తి ఉన్నదో చెప్పనక్కరలేదు. ఆత్మరక్షణ హక్కు మాత్రం ఆయుధం లేనివారికి కూడా ఉన్నది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుండి 44 వరకు గల సెక్షన్లు దానిని గూర్చినవే. అవసరానికి మించిన హాని చేయరాదన్న హద్దు కూడా అందులోనే ఉన్నది.

అయితే భార్య "వద్దు" అన్నంత మాత్రాన ఆమె బాధ్యత తీరిపోయిందా? తీరలేదు. కారణం చెప్పకుండా ముఖం తిప్పుకొంటే భర్త తన భయంతో ఒంటరిగా మిగిలిపోతాడు. తన వద్దు పై నాలుగింటిలో ఏదో ఆమె చెప్పగలిగినంత చెప్పవలెను. "నేను ఎవరినీ చంపను, ఆపద వస్తే మీరు చంపండి" అని మనస్సులో అనుకొని ఊరకుండడం కూడా నిజాయితీ కాదు. కొన్ని దంపతులు కళ్లు తెరిచి అలాగే ఏర్పాటు చేసికొంటారు. అది వారి ఇష్టం. కాని నోరు తెరిచి మాట్లాడుకొన్న తరువాతనే అది ఏర్పాటు అనిపించుకొంటుంది. భర్త తన పేర తుపాకి ఉంచుకోదలచినా, ఆ ఇల్లు ఆమెది కూడా గనుక ఆమె సమ్మతి తీసికోవలెను. తూటాలు తీసి, తుపాకిని తాళం గల పెట్టెలో, తూటాలను వేరొక చోట తాళం వేసి ఉంచవలెను.

"ఆమె వద్దన్నదని నేను ఊరకుండి, రేపు ఏదైనా జరిగితే ఆ పాపం నాది కాదా?" అని భర్త అడుగుతాడు. బరువైన ప్రశ్నే. ఆమెకు తెలిసిన సంగతి దాచిపెట్టినా, చేయగలిగిన వేరే సహాయం చేయకపోయినా అతనిది లోపమే. తెలియజెప్పి, చేయవలసినది చేసి, ఆమె నిర్ణయాన్ని గౌరవించిన తరువాత జరిగినదానికి దోషి దుర్మార్గుడే గాని భర్త కాదు. చేయవలసినది చాలా ఉన్నది. రాత్రి డ్యూటీ మార్చుకోవడానికి యజమానితో మాట్లాడవచ్చును. దుకాణం మూసే వేళకు తానే వెళ్లి నిలబడవచ్చును. వాకిట మంచి దీపం, తలుపుకు గట్టి గడియ పెట్టించవచ్చును. ఇరుగుపొరుగును పరిచయం చేసికొని, పోలీసుల 911 నంబరుకు ఏమి చెప్పవలెనో పిల్లలకు కూడా నేర్పవచ్చును. వీటికి డబ్బుకంటె ఎక్కువగా సమయం ఖర్చవుతుంది. తుపాకి కొని ఇవ్వడం ఒక పూట పని. తోడుండడం రోజూ చేయవలసిన పని. ఒక్కొక్కసారి మనం మొదటిదానికి తొందరపడేది రెండవదానికి తీరిక లేకనే.

ఈ నియమం భర్తలకే కాదు. భార్య తుపాకి కావాలని, భర్త వద్దని అనే ఇళ్లు కూడా ఉన్నవి. అక్కడ కూడా మాట ఇదే. తెలియజెప్పుట ప్రేమ, ఒకసారి చూడమని అడుగుట ప్రేమ. కారణం విన్న తరువాత కూడా పోరుపెట్టుట, పిరికివని ఎగతాళి చేయుట, పిల్లల పేరు చెప్పి తప్పు మోపుట ప్రేమ కాదు.

చివరగా ఫోనుకు ఈవల ఉన్న మనము. అల్లుడు చదువుకొన్నవాడని, ఆ దేశం సంగతి అతనికే తెలుసునని, "ఆయన చెప్పినట్లు విను తల్లీ" అని తొందరపడి అనకండి. కూతురు ఒంటరిగా ఉన్న వేళ చూచి రెండే ప్రశ్నలు అడగండి. "అమ్మా, నీ వద్దుకు కారణమేమి? ఆ వస్తువు ఇంట్లో ఉంటే నీవు భయపడేది దొంగకా, మరి దేనికైనానా?" జవాబు వచ్చేవరకు ఓపికపట్టండి. రెండవ ప్రశ్నకు ఆమె మౌనంగా ఉండిపోతే తుపాకి వాదన అక్కడితో ఆపి, ఆమె క్షేమం సంగతి చూడండి. అల్లునితో కూడా కోపం లేకుండా మాట్లాడి, అతని భయం కూడా వినండి. భయపడేవారిద్దరూ మన బిడ్డలే. వారిద్దరిలో ఎవరి చేతిలోనైనా, ఎవరి మనస్సు ఒప్పుకోనిది పెట్టకుండా చూడడం పెద్దలుగా మన పని.